జాక్సన్ వీధి మూల మీద ఇల్లు

మొదటి రోజు, అరోరా

చీరాల స్టేషన్లో రైలెక్కించేటప్పుడు అన్నయ్య ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించావా అని అడగలేదు. అక్కకి కొన్న కుప్పడం చీర నలక్కుండా పెట్టావా అనీ అడగలేదు. "ఒరేయ్, గ్యారీ మర్చిపోవుగా?" అని మాత్రం మూడుసార్లు అడిగాడు. యాభై ఆరేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేసినవాడు, ఫ్యాన్సీ షాపు పెట్టుకుని బతుకుతున్నవాడు. రైలు కదిలాక కూడా కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి, "ఇంటి నంబరు రెండువేల మూడొందలు. రాసుకున్నావా?" అన్నాడు.

రాసుకోవాల్సిన పని లేదు. మైకేల్ జాక్సన్ పెరిగిన ఇంటి చిరునామా నాకు పదమూడో ఏట నుంచి నోటికి వచ్చు. అన్నయ్య ఇంటర్మీడియెట్ నోట్సు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసి ఉండేది: 2300, జాక్సన్ స్ట్రీట్, గ్యారీ, ఇండియానా.

అక్క వాళ్లుండేది షికాగో పక్కన అరోరాలో. వచ్చిన రోజే వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లారు. 1986 నుంచి ఉన్న గుడి, అక్కడ చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ అదే కూడలి. దర్శనమయ్యాక పులిహోర తింటూ గ్యారీ సంగతి ఎత్తితే బావ ఆశ్చర్యపోయారు. "గంటన్నర దూరమే. కానీ ఇరవై ఏడేళ్లలో మేమెప్పుడూ ఆగలేదు. అందరూ హైవే మీంచి దాటిపోవడమే. చూడ్డానికేముంది అక్కడ?" అన్నారు.

రాత్రి భోజనాల దగ్గర అక్క సమాధానం చెప్పింది, నేను చెప్పలేదు. "ఆ గ్లవ్‌కి చమ్కీలు కుట్టింది నేనే తెలుసా?" అంది కూతురితో. మేనకోడలు చేతిలో చపాతీ ముక్క అలాగే ఆగిపోయింది. పాతికేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది. వాళ్లమ్మ ఒకప్పుడు చీరాలలో మైకేల్ జాక్సన్ గ్లవ్ తయారు చేసిందని ఇన్నేళ్లలో తనకెవరూ చెప్పలేదు.

అక్కే మొత్తం చెప్పింది. అన్నయ్యకి కాలేజీలో ఎన్‌సీసీ ఉండేది. పరేడ్‌కి తెల్ల గ్లవ్స్ ఇచ్చారు, జతలో ఎడమది ఎక్కడో పోయింది. మిగిలిన కుడిచేతి గ్లవ్ మీద, అమ్మ జాకెట్టు కోసం దాచుకున్న వెండిరంగు చమ్కీలన్నీ తీసి, పదో తరగతి చదివే అక్క రెండు రాత్రులు కూర్చుని కుట్టింది. అమ్మకి తెలిసి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తనే ఒక వేలు దగ్గర ఊడిపోతున్న దారాన్ని ముడేసి ఇచ్చింది.

మా తరానికి మైకేల్ దగ్గరైన దారి కూడా చిత్రమైందే. 1985లో చిరంజీవి సినిమాలో శ్మశానంలో దయ్యాలతో డాన్స్ చేసే పాట వచ్చింది. మైకేల్ 'థ్రిల్లర్' వీడియో చూసి చేసిన పాట. మేము ముందు చూసింది దాన్ని. తర్వాత వీడియో పార్లర్లో మనిషికి రూపాయి తీసుకుని అసలుది చూపించారు. అన్నయ్య దాన్ని ఒకే రోజు నాలుగు ఆటలు చూశాడు. ఆ ఏడాది నుంచి శ్రీరామనవమి పందిళ్లలో, తిరునాళ్లలో రికార్డు డాన్స్ ఉంటే 'చీరాల మైకేల్' అని మైకులో పిలిచేవాళ్లు.

చెక్కబల్లల స్టేజీ మీద వెనక్కి జారుతూ నడవడం కుదరదు, కాలు పట్టేస్తుంది. అందుకని పాట ముందు అన్నయ్య క్యారమ్ బోర్డు పౌడరు రెండు గుప్పిళ్లు చల్లేవాడు. మేజోళ్లతో ఎక్కేవాడు. సౌండ్ బాక్సుల వెనక క్యాసెట్ పెట్టే అతను పాజ్ మీట మీద వేలు పెట్టుకుని అన్నయ్య కాళ్లనే చూస్తూ ఉండేవాడు. కాలు సర్దుకుని తలూపగానే వేలు ఎత్తేవాడు. పాట ఠంచనుగా అక్కడ మొదలయ్యేది.

"గ్లవ్ ఇప్పుడెక్కడుంది?" అని మేనకోడలు అడిగింది. 1990 మే నెల తుపానుకి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ట్రంకుపెట్టెలో ఉన్నవన్నీ పోయాయి. అన్నయ్య మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

రెండో రోజు, గ్యారీ

బండి మేనకోడలు నడిపింది. ఉదయం ఎనిమిదిన్నరకల్లా బయల్దేరాం, ఎందుకంటే అక్కడ పది గంటలైతే మన దగ్గర రాత్రి ఎనిమిదిన్నర. అన్నయ్య షాపు కట్టేసే వేళ.

హైవే దిగగానే ఊరు ఖాళీగా కనబడుతుంది. 1906లో యూఎస్ స్టీల్ కంపెనీ తన కార్మికుల కోసం మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బల మీద కట్టిన ఊరిది. కంపెనీ ఛైర్మన్ ఎల్బర్ట్ గ్యారీ పేరే ఊరికి పెట్టారు. 1960లో జనాభా 1,78,320. 2020 లెక్కల్లో 69,093. ఉక్కు పని తగ్గింది, ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. బ్రాడ్‌వే అనే పెద్ద వీధిలో వరసగా చెక్కలు కొట్టేసిన దుకాణాలు. 1926లో కట్టి 1975లో మూసేసిన పెద్ద చర్చి పైకప్పు లేకుండా నిలబడి ఉంది, లోపల చెట్లు మొలిచాయి. 1972లో మూతపడ్డ ఒక థియేటర్ బోర్డు మీద, తర్వాతెప్పుడో అందాల పోటీలకు ఊరిని ముస్తాబు చేసినప్పుడు, మైకేల్ అన్నదమ్ముల పాటల బృందం పేరుతో 'జాక్సన్ ఫైవ్ టునైట్' అని అక్షరాలు పెట్టారట. ముప్పై ఏళ్ల కిందట మూసేసిన హాల్లో ఈ రాత్రి ఆట ఉందని రాసిన బోర్డు. అది విన్నప్పటి నుంచి నాకు మనసులోంచి పోవడం లేదు.

జాక్సన్ వీధికి ఆ పేరు వీళ్ల వల్ల వచ్చింది కాదు. అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ పేరు మీద పెట్టిన వీధి. ఇరవై మూడో అవెన్యూ కలిసే మూల మీద ఉంది ఇల్లు. బండి ఆగాక కూడా మేం దిగలేదు కాసేపు. ఇదేనా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

తెల్లటి ఇల్లు. ఒక తలుపు, రెండు కిటికీలు, పైన చిన్న వాలు కప్పు. ఇంటి విస్తీర్ణం 672 చదరపు అడుగులు. మన ఊళ్లో డబుల్ బెడ్రూమ్ అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు కూడా ఇంత చిన్నది కట్టరు. ఇందులో జో జాక్సన్, క్యాథరిన్ తొమ్మిది మంది పిల్లల్ని పెంచారు. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. పడగ్గదులు రెండే. ఒకటి తల్లిదండ్రులది, రెండోదాంట్లో మూడంతస్తుల మంచం మీద మగపిల్లలు, ఆడపిల్లలు ముందు గదిలో సోఫా మీద. తండ్రి దాచుకున్న గిటారుని ఆయన లేనప్పుడు కొడుకుల్లో ఒకడు, టీటో, తీసి వాయిస్తూ తీగ తెంపేశాడు. దొరికిపోయాడు. ఏదీ, ఏం వాయిస్తావో వాయించమన్నాడు తండ్రి. అక్కణ్నుంచే మొదలైంది జాక్సన్ ఫైవ్. ముందు గది సామానంతా గోడకు జరిపి ప్రాక్టీసు చేయించేవాడు. తప్పు చేస్తే బెల్టు తీసేవాడని మైకేల్ పెద్దయ్యాక టీవీలో కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పాడు.

ఇంటి చుట్టూ కంచె. ముందు నల్లరాతి స్మారక ఫలకం, 2010లో ఆవిష్కరించినది. దాని దగ్గర వాడిపోయిన పూలు, వానకి తడిసి ఎండిన ఒక బొమ్మ, పోర్చుగీసు భాషలా కనబడ్డ ఒక ఉత్తరం.

వీడియో కాల్ కలిపాను. అన్నయ్య షట్టర్ సగం దించి, స్టూలు మీద కూర్చుని సిద్ధంగా ఉన్నాడు. వెనకాల గోడకి లేసు కట్టలు, చమ్కీల పాకెట్లు వేలాడుతున్నాయి. ఫోన్ ఇంటి వైపు తిప్పాను.

చాలాసేపు ఏమీ అనలేదు.

"ఇంతేనా?" అన్నాడు తర్వాత. "మన పెదనాన్న వాళ్ల పెంకుటిల్లే పెద్దది కదరా." మళ్లీ కాసేపటికి, "మంచం ఉన్న గది కిటికీ ఏది?" అన్నాడు. నాకు తెలియదు. "వెనక్కి వెళ్లు. వెనక ఉండాలి." కంచె వెంట అటు నడిచి చూపించాను. ఒక కిటికీ కనబడింది, తెర వేసి ఉంది. అన్నయ్య ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. తెర నిండా నుదురే కనబడుతోంది.

"గడ్డి బాగా కోశారు. ఎవరు కోస్తార్రా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఎదురింటి వరండాలో ఒక పెద్దావిడ కూర్చుని మమ్మల్నే చూస్తోంది. మేనకోడలు వెళ్లి పలకరించింది. ఇల్లు ఇంకా ఆ కుటుంబానిదేననీ, వాళ్ల తరఫున వచ్చి చూసుకునేవాళ్లు ఉన్నారనీ, వాళ్లు రాని వారాల్లో వీధిలోవాళ్లే చెత్త ఏరేస్తారనీ ఆవిడ చెప్పింది. ఆ తర్వాత చెప్పింది నేను రాత్రి డైరీలో రాసుకున్నాను. "జపాన్ నుంచి వస్తారు, బ్రెజిల్ నుంచి వస్తారు. ఏడుస్తారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. మంచినీళ్ల సీసా కొనుక్కుందామన్నా ఇక్కడ కొట్టు లేదు. డబ్బు ఇంకో ఊళ్లో ఖర్చు పెడతారు."

మేమూ అంతే కదా. సాయంత్రం పెట్రోలు పోయించుకునేది కూడా వేరే ఊళ్లోనే. సిగ్గేసింది.

2003 జూన్‌లో మైకేల్ ఈ ఊరికి వచ్చాడు. నగరం తాళంచెవి ఇచ్చి సన్మానం చేశారు. రూజ్‌వెల్ట్ హైస్కూలులో, అన్నదమ్ములు పాటల పోటీ గెలిచిన బడిలో, గౌరవ డిప్లొమా ఇచ్చారు. 2010లో తండ్రి, ఊరి మేయరు కలిసి ఇక్కడ పెద్ద మ్యూజియం కడతామని ప్రకటించారు. కోట్ల డాలర్ల మాట, లక్షల మంది యాత్రికుల మాట. ఏదీ రాలేదు. రూజ్‌వెల్ట్ స్కూలు దగ్గరికీ వెళ్లాం. 2019 చలికాలంలో పైపులు గడ్డకట్టి పగిలిపోయాయి, మరుసటి ఏడాది బడినే మూసేశారు. ఎర్ర ఇటుకల అందమైన భవనం. నల్లపిల్లలకని కట్టి, వాళ్లలోంచి ఎంతోమందిని పెద్దవాళ్లని చేసిన బడి.

ఒక్క పాటల రికార్డు కోట్ల మంది ఇళ్లకు చేరింది. దాని వెనక ఉన్న బడికి పైపులు బాగుచేయించే దిక్కు లేకపోయింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో సరిగ్గా తెలియలేదు.

మూడో రోజు, దారిలో

జాక్సన్ ఫైవ్ రికార్డులు వేసిన మోటౌన్ కంపెనీ మ్యూజియం డెట్రాయిట్లో ఉంది, మైకేల్ గ్లవ్ అక్కడే. గ్యారీ నుంచి డెట్రాయిట్ నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, మధ్యలో గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. దారంతా మొక్కజొన్న, ట్రక్కులు.

కలమజూ దాటాక మేనకోడలు పాట ఆపేసింది. "మామయ్యా, ఒకటి అడగనా? ఆ డాక్యుమెంటరీ చూశావా? 2019ది?"

చూడలేదని చెప్పాను.

"నేను చూశాను. అందుకే నిన్నంతా నాకు ఇబ్బందిగానే ఉంది. పెద్దమామయ్య మొహం చూసి ఏమీ అనలేదు."

తను చెప్పుకుంటూ వెళ్లింది, నేను విన్నాను. మైకేల్ పిల్లల్ని లైంగికంగా వేధించాడని 1993లో మొదటి ఆరోపణ వచ్చింది, మరుసటి ఏడాది డబ్బిచ్చి రాజీ చేసుకున్నారు. 2005లో కాలిఫోర్నియా కోర్టు విచారించి అన్ని అభియోగాల్లోనూ నిర్దోషి అంది. ఆయన పోయిన పదేళ్లకు ఇద్దరు మగవాళ్లు, చిన్నప్పుడు తమకు జరిగిందిది అని గంటల తరబడి కెమెరా ముందు చెప్పారు. కుటుంబం అబద్ధమంది. చనిపోయిన మనిషి జవాబు చెప్పలేడు, చెప్పినవాళ్ల మొహాలు తను మర్చిపోలేకపోతోంది.

మా ఊళ్లో ఇలాంటి మాట వస్తే 'గొప్పోళ్ల మీద రాళ్లేస్తారు' అని కొట్టిపారేసేవాళ్లం. ఆ మాట ఆ పిల్ల ముందు అనబుద్ధి కాలేదు. కోర్టు తీర్పు ఉంది, అది నిజం. పిల్లలుగా ఉన్నప్పుడు జరిగింది పెద్దయ్యాకే చెప్పగలిగేవాళ్లు ఉంటారు, అదీ నిజం. నాకు అసలు ఏం జరిగిందో తెలియదు కాబట్టి, అన్నయ్య కాళ్లు గుర్తొచ్చి నేను ఒక పక్షం చేరిపోకూడదు. అదే చెప్పాను. "వాళ్ల మాట వినొద్దని నేను చెప్పను అమ్మలూ. నువ్వు చూశావు కాబట్టి నువ్వు మర్చిపోకు. నేను కూడా ఇక మర్చిపోలేను."

"అయినా మ్యూజియంకి వెళ్దామా?" అంది.

"నీకు ఇష్టం లేకపోతే నువ్వు బయట కూర్చో, నేను చూసొస్తా."

కొంతదూరం పోయాక, "లేదు, నేనూ వస్తాను. గ్లవ్ చూడాలి, అమ్మ కుట్టింది కదా" అంది.

సాయంత్రం డెట్రాయిట్ నది ఒడ్డున నడిచాం. అవతలి గట్టు కెనడా. అంతకు మించి ఆ రోజు రాయడానికి ఏమీ లేదు, ఇద్దరం అలిసిపోయాం.

నాలుగో రోజు, డెట్రాయిట్

వెస్ట్ గ్రాండ్ బులవార్డ్, నంబరు 2648. బయటికి మామూలు రెండంతస్తుల ఇల్లే. పైన నీలిరంగులో 'హిట్స్‌విల్ యూఎస్ఏ' అని రాసి ఉంటుంది. 1959లో బెర్రీ గోర్డీ అనే కుర్రాడు ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని, తర్వాత మోటౌన్‌గా పేరుపడ్డ రికార్డు కంపెనీ పెట్టాడు. అంతకు ముందు అతను లింకన్ మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఒక పక్క రేకుగా మొదలై రెండో పక్క కారుగా బయటికొచ్చే ఆ పద్ధతిలోనే పాటగాళ్లనూ తయారు చేయొచ్చనుకున్నాడు. ఒకరు పాట రాస్తారు, ఒకరు అడుగులు నేర్పిస్తారు, ఇంకొకరు ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పిస్తారు. స్టీవీ వండర్, డయానా రాస్, మార్విన్ గే, తర్వాత జాక్సన్ ఫైవ్. అందరూ ఈ మోటౌన్ గుమ్మం తొక్కినవాళ్లే.

టికెట్లు ముందే ఆన్‌లైన్లో తీసుకున్నాం. గైడు ఒక యువతి, చెప్పడం కన్నా పాడటమే ఎక్కువ. మేడ మీద కప్పులో ఒక చతురస్రపు రంధ్రం ఉంది. కింద స్టూడియోలో పాడిన గొంతు అటక మీదికి వెళ్లి మోగి తిరిగొచ్చేదట, ఆ రోజుల్లో ప్రతిధ్వని కావాలంటే అదే ఏర్పాటు. కింద నిలబడి చప్పట్లు కొట్టమంది. మా పదిహేను మంది చప్పట్లు ఇంకెవరో కొట్టినట్టు పైనుంచి తిరిగొచ్చాయి. చాక్లెట్ల మెషీన్ ఉంది. కళ్లు కనబడని స్టీవీకి తడుముకోకుండా దొరకాలని, ఆయనకిష్టమైన చాక్లెట్ ఎప్పుడూ ఒకే మీట కింద నింపేవారట.

స్టూడియో ఏ అంటే ఇంటి వెనక గది, అంతే. రోజుకి 22 గంటలు తెరిచి ఉండేది. కంట్రోల్ రూమ్ గాజు వెనక, మిక్సింగ్ బల్ల ముందు నేల ఒకచోట అరిగిపోయి ఉంది. పాట వింటూ కాలితో తాళం వేసి వేసి అరిగిన చోటు. నేను వంగి చాలాసేపు చూశాను. ఇంట్లో మా నాయనమ్మ కూర్చుని రాట్నం తిప్పిన చోట గచ్చు అలాగే అరిగి ఉండేది.

గ్లవ్ గాజుపెట్టెలో ఉంది, పక్కనే నల్ల టోపీ. 1988లో మైకేల్ స్వయంగా వచ్చి ఇచ్చి, మ్యూజియంకి 1,25,000 డాలర్ల విరాళం కూడా ఇచ్చాడు. దీపాల కింద రాళ్లు మెరుస్తున్నాయి. లోపల ఫొటోలు తీయనివ్వలేదు. మేనకోడలు గాజు దగ్గర మొహం పెట్టి ఒక్కో వరసా చూసింది. "అమ్మ దీన్ని చూడకుండానే కుట్టింది" అంది మెల్లగా.

ఆ గ్లవ్ కన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది, ఈ మ్యూజియం ఎలా వచ్చిందన్నది. 1972లో కంపెనీ మొత్తం లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. బెర్రీ గోర్డీ అక్క ఎస్తర్ గోర్డీ ఎడ్వర్డ్స్ మాత్రం డెట్రాయిట్ వదల్లేదు. ఖాళీ అయిన ఆఫీసులో పోస్టర్లు, ఫొటోలు, కాగితాలు ఏదీ పారేయలేదు. దారినపోయేవాళ్లు తలుపు తట్టి 'ఇక్కడే కదా పాడింది, ఒకసారి చూడొచ్చా' అని అడుగుతుంటే తీసి చూపిస్తూ వచ్చింది. 1985లో దాన్నే మ్యూజియం చేసింది. తమ్ముడు పాటలు చేశాడు, అక్క దాచింది. ఆవిడ అవన్నీ దాచకపోతే ఇవాళ మేం ఏ నేల చూసేవాళ్లం?

గైడు అందరి చేతా 'మై గర్ల్' పాడించింది. మగవాళ్లని ఒక వరసలో నిలబెట్టి ఆ పాట పాడిన టెంప్టేషన్స్ బృందం అడుగులు వేయించింది. పాట మొదట్లో డుమ్, డుమ్‌డుమ్ అని వచ్చే బేస్ గిటారు నోటితో పలికి, "ఇది ఎవరిదో తెలుసా?" అని అడిగింది. పదిహేను మందిలో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు.

జేమ్స్ జేమర్సన్. మోటౌన్ హిట్లలో లెక్కలేనన్నింటికి బేస్ వాయించింది ఆయనే. కుడి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు, ఆ వేలికి తోటివాళ్లు 'కొక్కెం' అని పేరు పెట్టారు. ఫంక్ బ్రదర్స్ అనే ఆ వాద్యబృందం పేర్లు రికార్డుల మీద వేసేవారు కాదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ వచ్చేదాకా ఆయన పేరు అట్ట మీద అచ్చు కాలేదు.

మ్యూజియం నుంచి బయటికొచ్చాక మేనకోడలు ఫోన్లో వెతికి, "ఆయన్ని ఇక్కడే వుడ్‌లాన్ శ్మశానంలో ఖననం చేశారు మామయ్యా, వెళ్దాం" అంది. మా ప్లాన్లో లేదది. వెళ్లాం. గాయని అరీథా ఫ్రాంక్లిన్ కూడా అక్కడే ఉంది, ఆవిడ దగ్గర పూలు ఎక్కువగా ఉన్నాయి. మోటౌన్‌వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. టెంప్టేషన్స్ గాయకుడు డేవిడ్ రఫిన్ 1991లో పోతే అంత్యక్రియల ఖర్చుకి మైకేల్ ముందుకొచ్చాడు, ఆయనా అక్కడే. జేమర్సన్ కోసం ఆఫీసులో అడిగితే మ్యాప్ మీద పెన్నుతో చుట్టి ఇచ్చారు. వెతుక్కోవడానికి అరగంట పట్టింది.

అక్కడ నిలబడ్డప్పుడే మేనకోడలు ఒక సంగతి చదివి వినిపించింది. 1983 మార్చి 25న మోటౌన్ పాతికేళ్ల పండగ పాసడీనాలో జరిగింది. మైకేల్ మొదటిసారి వెనక్కి జారుతూ నడిచింది ఆ రాత్రే. మే 16న టీవీలో వేస్తే అమెరికాలో కోట్ల మంది చూశారు, మా వీడియో పార్లర్‌కి వచ్చిన క్యాసెట్లో అదీ ఉంది. ఆ రాత్రి హాల్లో జేమర్సన్ కూడా ఉన్నాడట. పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టలేదు. టికెట్ కొనుక్కుని ఎక్కడో పైన, వెనకాల కూర్చుని చూశాడట. ఆగస్టు 2న చనిపోయాడు. నలభై ఏడేళ్లు.

ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. నల్ల కోటు, పొట్టి ప్యాంటు, తెల్ల మేజోళ్లు, ఎడమచేతికి గ్లవ్. జనం కేకలు మొదలయ్యే చోటు నాకు సెకన్లతో సహా తెలుసు. ఆ కేకల్లో జేమర్సన్‌ది కూడా ఉందేమో, లేకపోతే ఊరుకున్నాడేమో.

ఆ నడక కూడా మైకేల్ పుట్టించింది కాదు. 1955లోనే బిల్ బెయిలీ అనే ట్యాప్ డాన్సర్ అలా వెనక్కి జారుతూ స్టేజీ దిగిపోయిన ఫిల్మ్ ఉంది. ఆయన నుంచి ఎవరికో, వాళ్ల నుంచి వీధి పిల్లలకి, వీళ్ల నుంచి మైకేల్‌కి. అక్కణ్నుంచి క్యారమ్ పౌడర్ మీదికి.

అయిదో రోజు, తిరుగుదారి

పొద్దున్నే బయల్దేరాం. మేనకోడలు 'మై గర్ల్' పెట్టింది. మొదటిసారి నాకు గొంతుల కింద ఉన్నది వినపడింది. పాట పొడుగునా తను స్టీరింగ్ మీద ఒక వేలితో తాళం వేస్తూనే ఉంది.

దారిలో కాఫీకి ఆగినప్పుడు అన్నయ్యకి ఫోన్ చేశాను. గ్లవ్ గురించి చెప్పాను. "వీడియోలో వేసుకుంది ఎడమచేతికే కదా?" అన్నాడు వెంటనే. అవునన్నాను. "అప్పుడే తెలుసురా నాకు. మనకి దొరికింది కుడిది, అంతే" అన్నాడు.

డాక్యుమెంటరీ సంగతి కూడా చెప్పాను. దాచడం ఇష్టంలేక చెప్పాను. చాలాసేపు పలకలేదు. "పిల్లలంటే పిల్లలే రా" అన్నాడు చివరికి. ఇంకేమీ అనలేదు, నేనూ పొడిగించలేదు.

తర్వాత జేమర్సన్ కథంతా చెప్పాను, ఒక్క వేలు, అట్ట మీద పేరు లేకపోవడం, పాసడీనాలో వెనక వరస. అన్నయ్య వింటున్నాడో లేదో తెలియలేదు. షాపులో ఎవరో బొట్టుబిళ్లలు అడుగుతుంటే ధర చెప్పడం వినపడింది. మళ్లీ లైన్లోకి వచ్చి అడిగాడు.

"ఒరేయ్, మనకి క్యాసెట్ పెట్టేవాడు చూడు, పాజ్ మీద వేలు పెట్టుకుని. వాడి పేరేంట్రా?"

ఆలోచించాను. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నిక్కరు జేబులో పెన్సిలు పెట్టుకునేవాడు, చిక్కుపడ్డ టేపుని దాంతో చుట్టడానికి. అన్నయ్యకి ఈలలు పడుతున్నప్పుడు సౌండ్ బాక్సు వెనకాల నించుని నవ్వేవాడు, ఆ నవ్వు కూడా గుర్తుంది. పేరు రాలేదు.

"అక్కనడుగు" అన్నాడు. స్పీకర్లో అక్కని కలిపాం. అక్కకీ గుర్తులేదు. "పేరాల నుంచి వచ్చేవాడు, సైకిలు మీద" అంది. "వాళ్లమ్మ మగ్గం నేసేది."

నాలుగేళ్లు ఊరూరా కలిసి తిరిగాం. వాడు వేలు ఎత్తకపోతే చీరాల మైకేల్ లేడు. ముగ్గురం ఫోన్లో ఊరికే ఉన్నాం.

"రేపు ఆదివారం షాపు పొద్దున తెరవను. పేరాల వెళ్లి అడిగొస్తా" అన్నాడు అన్నయ్య. "మగ్గాల వాళ్లు ఇంకా ఉన్నారక్కడ. ఎవరో ఒకరికి తెలుస్తుంది."